ముందు కేబుల్ మార్చి చూడండి

ప్ర: చేతిలో పట్టుకునే చిన్న ఫ్యాన్ కొన్నాను. దానికున్నది యూఎస్‌బీ-సి పోర్టు. డబ్బాలో వచ్చిన పొట్టి కేబుల్‌తో పాత ఛార్జర్‌కు పెడితే ఛార్జింగ్ ఎక్కుతోంది. రెండు చివర్లా సి ఉన్న కేబుల్‌తో 65 వాట్ల ల్యాప్‌టాప్ ఛార్జర్‌కు పెడితే మాత్రం ఉలుకూ లేదు, పలుకూ లేదు. అంత పెద్ద ఛార్జర్ పెడితే కాలిపోదా అని మావారు కోప్పడుతున్నారు. – ఒక పాఠకురాలు

జ: కాలలేదండీ. పాత ఛార్జర్‌కు ఇప్పటికీ ఎక్కుతోందని మీరే రాశారు. మీవారి వాదన అక్కడే వీగిపోయింది. 65 వాట్లు అన్నది ఆ ఛార్జర్ ఇవ్వగలిగిన గరిష్ఠం, బలవంతాన తోసేది కాదు. వస్తువు అడిగితే తప్ప అది 5 వోల్టులు దాటదు.

అసలు సంగతి వేరే. మీ పాత ఛార్జర్‌కు ఉన్నలాంటి పాతకాలపు వెడల్పాటి పోర్టులో 5 వోల్టులు ఎప్పుడూ ఉంటాయి, ఎవరు వచ్చినా రాకపోయినా. సి పోర్టు అలా కాదు, అవతల ఎవరో ఉన్నారని తేలేదాకా పిడికిలి విప్పదు. అది తేలాలంటే ఛార్జయ్యే వస్తువు లోపల సీసీ1, సీసీ2 అనే రెండు పిన్నుల నుంచి గ్రౌండ్‌కు చెరో 5.1 కిలో ఓముల రెసిస్టర్ ఉండాలి. అవి కనబడ్డాకే ఛార్జర్ కరెంటు వదులుతుంది. మీ ఫ్యాన్ చేసినవాళ్లు ఆ రెండింటినీ ఎగ్గొట్టి ఉంటారు.

ఇలాంటి టేబుల్ లైటు ఒకటి నా దగ్గరా ఉండేది. విప్పి చూస్తే బోర్డు మీద ఆ రెండు రెసిస్టర్లకూ చోటు వదిలారు, పక్కన పేర్లు కూడా ముద్రించారు, పెట్టడం మాత్రం మానేశారు! పంతానికి పోయి నేనే అతికించాను. నువ్వుగింజంత రెసిస్టర్ పట్టకారులోంచి ఎగిరి ఎక్కడ పడిందో ఇప్పటికీ దొరకలేదు. ఇంకొకటి తీసుకుని రెండూ అతికించేసరికి పూటంతా గడిచింది. మీకు అంత కష్టం వద్దు. ఒక చివర పాత వెడల్పాటి పిన్ను, రెండో చివర సి ఉన్న ఆ పొట్టి కేబుల్‌నే జాగ్రత్తగా దాచుకోండి. దానికి ఒక కాగితం చుట్టి ‘ఫ్యాన్’ అని రాసిపెట్టండి. మా ఇంట్లో అలాంటి చీటీలు కట్టిన కేబుళ్లు ఒక సొరుగు నిండా ఉన్నాయి.

ప్ర: పవర్ బ్యాంక్ మీద 10,000 మిల్లీ ఆంపియర్ అవర్లు అని ఉంది. నా ఫోన్ బ్యాటరీ 5,000. రెండుసార్లు నిండాలి కదా? ఒకటిన్నర సార్లు కూడా రావడం లేదు. మోసమా?

జ: మోసం అనలేను, సగం నిజం అంటాను. ఆ 10,000 లోపలి సెల్‌ది, 3.7 వోల్టుల దగ్గర లెక్క. అంటే 37 వాట్ అవర్లు. దాన్ని 5 వోల్టులకు పెంచేటప్పుడు కొంత, ఫోన్ లోపల మళ్లీ తగ్గించి బ్యాటరీలోకి ఎక్కించేటప్పుడు కొంత వేడిగా పోతుంది. మీ ఫోన్ నిండటానికి దాదాపు 19 వాట్ అవర్లు కావాలి. తరుగు పోగా ఒకసారి పూర్తిగా, ఆపైన మూడో వంతు వస్తే ఆ పవర్ బ్యాంక్ నిజాయితీపరురాలే. ఈసారి కొనేటప్పుడు పెద్దక్షరాలు వదిలేసి, వెనకవైపు చిన్నక్షరాల్లో ‘రేటెడ్ కెపాసిటీ’, అంటే నిజంగా బయటికి ఇచ్చేది ఎంతో చదవండి. 10,000 అన్నదానికి అక్కడ 6,000 పైచిలుకు ఉంటే సరైన సరుకే. అసలు అన్నిటి మీదా వాట్ అవర్లే పెద్దగా అచ్చేస్తే ఈ గొడవే ఉండదు. విమానంలో 100 వాట్ అవర్ల పరిమితి అడిగినప్పుడు పనికొచ్చేదీ ఆ అంకే.

ప్ర: పాత ట్యాబ్ బ్యాటరీ ఉబ్బి వెనక మూత లేచింది. గుండుసూదితో గుచ్చితే గ్యాస్ పోయి మామూలుగా అవుతుందని స్నేహితుడు చెప్పాడు.

జ: వద్దు. గుచ్చితే లోపలి పొరలు ఒకదానికొకటి తగిలి నిప్పంటుకోవచ్చు. ఛార్జింగ్ ఆపేయండి, మూతను నొక్కి సరిచేయకండి, కాలే వస్తువులకు దూరంగా పెట్టి, బ్యాటరీలు తీసుకునే ఈ-వ్యర్థాల కేంద్రానికి ఇచ్చేయండి. ఆ స్నేహితుడి చేతికి మాత్రం ఇవ్వకండి.

ప్ర: సార్, నేను పదో తరగతి. ఈఎస్పీ32 అనే వైఫై ఉన్న చిన్న కంప్యూటర్ బోర్డుతో మొక్కలకు నీళ్లు పోసే ప్రాజెక్టు చేస్తున్నా. వైఫై ఆన్ అవగానే బోర్డు మళ్లీ మొదటికొస్తోంది. స్క్రీన్ మీద ‘బ్రౌన్‌అవుట్’ అని వస్తోంది. బోర్డు పోయిందా?

జ: బోర్డు బాగానే ఉంది బాబూ, అది ఆకలితో పడిపోతోంది. బ్రౌన్‌అవుట్ అంటే అందే వోల్టేజీ చాలనంతగా తగ్గిపోవడం. వైఫై సంకేతం పంపే క్షణాల్లో ఆ చిప్పు ఒక్కసారిగా వందల మిల్లీ ఆంపియర్లు లాగుతుంది. నీ కేబుల్ సన్నదైతే దారిలోనే వోల్టేజీ కుంగిపోతుంది. కాబట్టి మొదట పొట్టిగా, లావుగా ఉన్న కేబుల్ పెట్టి చూడు. ఆ తర్వాతే మిగతావి.

నీళ్ల పంపుకు కరెంటు ఎక్కడినుంచి ఇస్తున్నావో నువ్వు రాయలేదు. బోర్డు మీది పిన్ను నుంచే అయితే అదే రెండో కారణం. పంపుకు వేరే సప్లై ఇవ్వు. ట్రాన్సిస్టర్‌తో నడుపుతుంటే రెండు సప్లైల గ్రౌండ్లూ కలపాలి, పంపు రెండు కొసల మధ్య ఒక డయోడ్ తిరగేసి, అంటే దాని చార ప్లస్ వైపు ఉండేలా పెట్టాలి. లేకపోతే మోటారు ఆగినప్పుడల్లా కొట్టే ఎదురు వోల్టేజీ ఆ ట్రాన్సిస్టర్‌ను చంపేస్తుంది. బోర్డు 5 వోల్ట్ పిన్నుకూ గ్రౌండ్‌కూ మధ్య 470 మైక్రోఫారడ్ కెపాసిటర్ పెడితే ఆ క్షణికమైన కుంగుబాటును కొంత ఆదుకుంటుంది. కెపాసిటర్‌కు చార ఉన్న కాలు గ్రౌండ్ వైపు ఉండాలి, తిరగేశావో పేలిపోవచ్చు.

బ్రౌన్‌అవుట్ గుర్తించే భాగాన్నే ఆపేసే కోడ్ లైను ఒకటి నీకు ఎవరో ఒకరు చెబుతారు. వినకు. జ్వరం చూపిస్తోందని థర్మామీటర్ విరిచినట్టు ఉంటుంది.

మల్టీమీటర్‌తో 5 వోల్టులు కొలిచే ముందు ఎర్ర తీగ ఏ రంధ్రంలో ఉందో చూసుకో. కరెంటు కొలిచే 10 ఆంపియర్ల రంధ్రంలోనే దాన్ని మరచిపోయి, నేను బ్యాటరీ రెండు కొసలకూ ఆనించాను. అది నేరుగా షార్ట్ చేయడమే. టప్పుమంది, బల్ల మీద నల్ల మచ్చ మిగిలింది.

ప్ర: సోల్డర్ ముత్యాల్లా ఉండకట్టి జారిపోతోంది. ఇంకా ఖరీదైన సోల్డరింగ్ ఐరన్ కొనాలా?

జ: కొనకండి. మీరు సోల్డర్ తీగను ఐరన్ మొనకు ఆనించి కరిగించి, ఆ చుక్కను తెచ్చి అతికిస్తున్నారని నా అనుమానం. మొనను రాగి చోటుకూ భాగం కాలుకూ ఒకేసారి ఆనించండి, రెండూ వేడెక్కాక తీగను వాటికే తాకించండి. దానంతటదే పాకి కాలు చుట్టూ వాలుగా, మెరుస్తూ కూర్చుంటుంది. సీసం ఉన్న 63/37 రకం (63 పాళ్లు తగరం, 37 పాళ్లు సీసం) 183 డిగ్రీలకే కరుగుతుంది, సీసం లేనివి సాధారణంగా 217 దాటితేనే. అందుకని నేర్చుకునేటప్పుడు మొదటిదే నయం, పని అయ్యాక చేతులు సబ్బుతో కడుక్కోవడం మాత్రం మరవకండి. ఐరన్ 350 దగ్గర పెట్టుకోండి. మొన నల్లబడి ఉంటే ఎంత వేడి పెట్టినా లాభం లేదు, తడి స్పాంజికి తుడిచి వెంటనే కొంచెం సోల్డర్ పూయండి. ఆపేసే ముందు కూడా అదే పూతతో వదిలేయండి.