పాపకు తెలివి పెరగడానికి టానిక్ కావాలా? ముందు పాలసీసా సంగతి చూడండి

ప్రశ్న: మా పాపకు 15 నెలలు, బరువు 9 కిలోలు. రోజుకు లీటరు దాకా గేదె పాలు సీసాతో తాగుతుంది. ఫోన్ చూపిస్తేనే నాలుగు ముద్దలు తింటుంది. ముఖం పాలిపోయి ఉంటుంది, మట్టి తింటోంది. ‘అమ్మ’, ‘తాత’ తప్ప ఇంకేం అనదు. మా అత్తయ్య వస నాకించమంటున్నారు. మెదడుకు మంచి టానిక్ చెప్పండి.
- ఒక తల్లి, కరీంనగర్

డాక్టర్ సలహా: అమ్మా, మీరు చెప్పిన లక్షణాలు చూస్తే మొదట అనుమానించాల్సింది ఐరన్ లోపాన్నే. గేదె పాలైనా ఆవు పాలైనా ఐరన్ చాలా తక్కువ. పైగా పాలలోని కాల్షియం, తిన్న కాస్త తిండిలోని ఐరన్‌ను కూడా సరిగా ఒంటపట్టనివ్వదు. అన్నం తినట్లేదని పాలు పడుతుంటారు చాలామంది. పాలతో కడుపు నిండాక ఇక ఆకలెక్కడిది?

రెండేళ్లు వచ్చేసరికి మెదడు పెద్దవాళ్ల మెదడులో దాదాపు 80 శాతం సైజుకు చేరుతుంది. నరాలపై మైలిన్ పొర ఏర్పడాలన్నా, మెదడులో సందేశాలు మోసే డోపమైన్ అనే రసాయనం తయారవ్వాలన్నా ఐరన్ కావాలి. ఈ వయసులో లోపం చాలాకాలం సాగితే, తర్వాత రక్తం పట్టినా నేర్చుకోవడంలో వెనకబాటు పూర్తిగా పోకపోవచ్చు. అందుకే ఆలస్యం చేయకుండా ఈ వారమే హిమోగ్లోబిన్, ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ ఎంతుందో చెప్పేది) పరీక్షలు చేయించండి. హిమోగ్లోబిన్ 11 గ్రాముల లోపుంటే రక్తహీనత కిందే లెక్క. జలుబు, జ్వరం ఉంటే తగ్గాక చేయించండి, లేదంటే లోపం ఉన్నా ఫెరిటిన్ మామూలుగానే కనిపించవచ్చు.

లోపం తేలితే సాధారణంగా కిలో బరువుకు రోజుకు 3 మిల్లీగ్రాముల ఐరన్ ఇస్తాం. మీ పాపకైతే 27 మిల్లీగ్రాములు. సీసా మీద ‘ఎలిమెంటల్ ఐరన్’ (మందులో ఉన్న అసలు ఐరన్) అని ఉన్న అంకెనే లెక్కలోకి తీసుకోవాలి. డ్రాప్స్‌కూ సిరప్‌కూ గాఢత వేరు. ఒకదాని కొలతతో ఇంకొకటి పోస్తే డోసు తప్పుతుంది, కాబట్టి ఎన్ని మిల్లీలీటర్లో డాక్టర్ చేత రాయించుకోండి. పాలతో కలిపి ఇవ్వొద్దు. మలం నల్లగా వస్తే కంగారుపడకండి. రక్తం పెరిగాక కూడా మరో రెండు మూడు నెలలు వాడాలి, మధ్యలో ఆపేయడం వల్లే చాలామందికి మళ్లీ తగ్గుతుంది. మందు మాత్రం పాపకు అందనంత ఎత్తులో పెట్టండి, ఎక్కువ తాగితే ప్రాణాపాయం.

పాలను వారం పది రోజుల్లో మెల్లగా 400-500 మిల్లీలీటర్లకు తగ్గించండి. ముందు రాత్రి సీసా మాన్పించి, మిగతావి గ్లాసుతో, భోజనం తర్వాతే పట్టండి. మొదటి నాలుగైదు రోజులు పేచీ పెడుతుంది, ఓపిక పట్టండి. గుడ్డు, మెత్తగా ఉడికించి చిదిమిన చికెన్ లేదా మేక కాలేయం పెట్టండి. శాకాహారులైతే పప్పులో ఆకుకూర వేసి, దించాక నిమ్మరసం పిండండి. నిమ్మలోని విటమిన్ సి ఐరన్‌ను ఒంటపట్టిస్తుంది. టీ చుక్క కూడా వద్దు.

వస వద్దే వద్దు. నాకిస్తే మాటలు వస్తాయనడానికి ఆధారం లేదు. అందులోని బీటా అసరోన్ అనే రసాయనం జంతువుల్లో కణుతులు కలిగించింది, పిల్లలకు వాంతులూ కావచ్చు. అత్తయ్యగారు పాపను ఒళ్లో కూర్చోబెట్టుకుని కబుర్లు చెబితే అంతకంటే ఎంతో మేలు.

రెండేళ్లలోపు పిల్లలకు, ఊళ్లో ఉన్న తాతయ్యతో వీడియో కాల్ లాంటివి తప్ప, ఫోన్ వద్దు. తెర చూస్తూ తినే పాపకు కడుపు నిండిందో లేదో తెలియదు, మీతో మాటా ఉండదు. తినిపించేటప్పుడు ‘ఇదిగో పప్పు, వేడిగా ఉంది’ అని చెప్పి, తను ఏదో ఒక శబ్దం చేసేదాకా కాసేపు ఆగండి. ఆ శబ్దానికి మీరు బదులివ్వాలి. మాట నేర్చుకునేది ఇలాగే.

15 నెలలకు రెండు మాటలంటే భయపడాల్సింది లేదు. కానీ పిలిచినా తిరిగి చూడకపోయినా, ఉన్న మాటలు పోయినా, రెండేళ్లకు ‘పాలు కావాలి’ లాంటి రెండు మాటల జతలు రాకపోయినా ముందుగా వినికిడి పరీక్ష చేయించండి. జిల్లా ప్రభుత్వాసుపత్రిలోని సత్వర చికిత్సా కేంద్రంలో ఈ పరీక్షలూ స్పీచ్ థెరపీ ఉచితం.