బూట్ ఇమేజ్‌ని ఫ్లాపీలోకి కాపీ చేస్తే చాలదా? అసలు పట్టదు!

"పాత లైనక్స్ సీడీల్లో డాస్‌యుటిల్స్ ఫోల్డర్‌లో రారైట్ అని ఒకటి ఉంటుంది. అది ఎందుకు? బూట్ ఇమేజ్‌ని ఫ్లాపీలోకి మామూలుగా కాపీ చేస్తే సరిపోదా?" అని ఒకరు అడిగారు. బూట్ ఇమేజ్ అంటే కంప్యూటర్ మొదలవడానికి కావలసినదంతా ఉన్న ఫైలు. 1999లో ఈ ప్రశ్న మాకు ఒక రాత్రి నిద్ర లేకుండా చేసింది, అందుకే రాస్తున్నాను.

సికింద్రాబాద్‌లో నలుగురం అద్దెకున్న గది. చెనాయ్ ట్రేడ్ సెంటర్లో విడిభాగాలు కొని బిగించుకున్న పెంటియం. దాని బయాస్‌కి (ఆన్ చేయగానే ముందు నడిచే ప్రోగ్రాము) సీడీ నుంచి బూట్ అవడం చేతకాదు. చేతిలో రెడ్‌హ్యాట్ లైనక్స్ 5.2 సీడీ. మా రూమ్మేట్ బూట్ ఇమేజ్‌ని A: డ్రైవ్‌లోకి, అంటే ఫ్లాపీలోకి, కాపీ కొట్టాడు. డిస్క్‌లో చోటు లేదంది. కొత్త ఫ్లాపీ, పూర్తిగా ఖాళీ! "1.44 ఎంబీ అని చెప్పి తక్కువది అంటగట్టాడ్రా" అని వాడు దుకాణంవాణ్ణి తిట్టడం మొదలుపెట్టాడు.

కాగితం తీసి లెక్కేశాం. 80 ట్రాకులు (డిస్క్ మీది వలయాలు), 2 వైపులు, ట్రాక్‌కి 18 సెక్టార్లు (వలయంలో ముక్కలు), సెక్టార్‌కి 512 బైట్లు. మొత్తం 1,474,560 బైట్లు. ఇమేజ్ ఫైలు సరిగ్గా అంతే. విండోస్ చూపించే ఖాళీ మాత్రం 1,457,664. తేడా 33 సెక్టార్లు: బూట్ సెక్టారు, రెండు ఫ్యాట్ పట్టికలు (ఏ ఫైలు ఎక్కడుందో రాసుకునేవి), రూట్ డైరెక్టరీ (ఫైళ్ల జాబితా). ఇమేజ్‌లో ఆ 33 కూడా ఉన్నాయి. అది ఫ్లాపీలో పెట్టుకునే ఫైలు కాదు, అదే ఒక ఫ్లాపీ. మొదటి సెక్టార్ నుంచి ఉన్నదున్నట్టు దించాలి. రారైట్ చేసేది అదే. ఫైలు పేరు, డ్రైవ్ అడిగి, ఎంటర్ కొట్టగానే ట్రాక్ నంబరు 0 నుంచి 79 దాకా ఎక్కించుకుంటూ పోతుంది. లైనక్స్‌లో డీడీ (dd) అనే కమాండ్ చేసేదీ ఇదే.

రాశాం, రీస్టార్ట్ చేశాం. తెర మీద చుక్కలు నాలుగు పడి ఆగిపోయింది. గదిలో అందరూ రారైట్ మీద పడ్డారు. ఈ నింద ఇప్పటికీ వింటుంటాను, విన్నప్పుడల్లా ఒళ్లు మండుతుంది. తప్పు నూటికి తొంభైసార్లు ఫ్లాపీదే! మామూలుగా వాడేటప్పుడు పాడైన సెక్టార్‌ని ఫార్మాట్ గుర్తుపెట్టి పక్కన పెడుతుంది, ఫైళ్లు దాన్ని తప్పించుకుని కూర్చుంటాయి. ఇమేజ్‌కి ఆ వెసులుబాటు లేదు. ఏ సెక్టార్‌ది ఆ సెక్టార్‌లోనే పడాలి. అందుకే అసైన్‌మెంట్లు నిక్షేపంగా మోసిన ఫ్లాపీ కూడా బూట్‌కి పనికిరాదు. పెట్టెలో పదింటినీ ఫుల్ ఫార్మాట్ చేసి చూస్తే మూడింట్లో బ్యాడ్ సెక్టార్లు తేలాయి. అన్నీ కొత్తవే! అంటే దుకాణంవాణ్ణి తిట్టడం న్యాయమే, కారణమే వేరు. నాలుగో ఫ్లాపీతో, తెల్లవారుజామున, ఇన్‌స్టాలర్ తెర వచ్చింది.

ఇవాళ ఐఎస్ఓని (సీడీ మొత్తానికి ఇమేజ్ ఫైలు) పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసి బూట్ అవడం లేదనేవాళ్లదీ ఇదే కథ. పైగా ఈ చిన్న పనికి ఇప్పుడు వంద ఎంబీ దాటిన ప్రోగ్రాములు దించుకోమంటున్నారు. రారైట్ ఫ్లాపీలో ఒక మూలకి సరిపోయేది.

మీ దగ్గర పాత ఫ్లాపీలే ఉంటే క్విక్ కాదు, ఫుల్ ఫార్మాట్ చేయండి. బ్యాడ్ సెక్టార్ల దగ్గర సున్నా కాక ఇంకేమైనా కనిపిస్తే ఆ ఫ్లాపీ జోలికి పోకండి. లోపల ఏముందో రారైట్ అడగదు, చెరిపేస్తుంది. లేబుల్ ఒకసారి చదివి ఎంటర్ కొట్టండి.