లాయలిస్టు సైనికుడి జీవితం రాయబోయే అమ్మలుకు

చి. అమ్మలుకు పెదనాన్న ఆశీస్సులు.

నీ మెయిల్ అందింది. నయాగరా ప్రాంతంలో స్థిరపడిన ఒక లాయలిస్టు సైనికుడి జీవితం రాసిమ్మని మీ ఊరి లైబ్రరీ వాళ్లు అడిగారనీ, నువ్వు రిచర్డ్ పియర్‌పాయింట్‌ను ఎంచుకున్నావనీ చదివి సంతోషించాను. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక టెన్షన్ పడుతున్నానని రాశావు. ఈ అంటారియోలో పాత భూమి కాగితాలు తిరగేస్తూ చాలా ఏళ్లు గడిపినవాణ్ని కాబట్టి నాకు తోచింది చెబుతాను.

అన్నిటికంటే ముందు ఆయన 1821 జూలైలో పెట్టుకున్న అర్జీ చదువు. పుట్టుక, బాల్యం అంటూ వరసలో పోవద్దు. అమెరికా విప్లవంలో ఇంగ్లండ్ రాజు వైపు నిలబడి, ఓడిపోయి, కెనడాకు వచ్చిన ఈ సైనికుల్లో చాలామంది తమ కథ తాము రాసుకోలేదు. ఏదైనా అడగాల్సి వచ్చినప్పుడే కాగితం మీదికి ఎక్కారు. పోయిన ఆస్తికి పరిహారం కావాలనో, భూమి కావాలనో దరఖాస్తు పెట్టుకున్నారు. మన తాతల కాలంలో తాలూకా కచేరీకి పెట్టుకున్న అర్జీల్లాంటివే ఇవీ. విధేయత అంతా ముందు పెడతారు, పని జరగడానికి అడ్డొచ్చే సంగతులు వెనక్కి నెడతారు. అలాగని అబద్ధాలనుకోకు. దేనికోసం అడుగుతున్నాడో చూసుకుని చదివితే చాలు.

పియర్‌పాయింట్ అర్జీ చాలా చిన్నది, కానీ ఒక జీవితమంతా అందులో ఉంది. తాను ఆఫ్రికాలో బోండూ దేశస్థుణ్నని చెప్పాడు. అది సెనెగల్, గాంబియా నదుల ఎగువ ప్రాంతం. పదహారేళ్ల వయసులో పట్టుబడి బానిసగా అమ్ముడుపోయాడు. 1760 ప్రాంతంలో అమెరికాకు తెచ్చి ఒక బ్రిటిష్ అధికారికి అమ్మారు. విప్లవ యుద్ధంలో రాజు పక్షాన పోరాడిన బట్లర్స్ రేంజర్స్ దళంలో పనిచేశాడు, అమెరికాకూ బ్రిటన్‌కూ మధ్య జరిగిన 1812 యుద్ధంలో మళ్లీ పనిచేశాడు. ఇప్పుడు ముసలివాణ్నయ్యాను, ఆస్తి లేదు, ఒళ్లు వంచి బతకడం కష్టంగా ఉంది, ప్రభుత్వం ఏదైనా సాయం చేస్తే అది నన్ను నా దేశం చేర్చడమే కావాలి అన్నాడు. మిగతావాళ్లంతా ఎకరాలు అడిగే చోట ఈయన ఇంటికి పంపమన్నాడు. నీ వ్యాసానికి వెన్నెముక ఇదే అని నా అభిప్రాయం.

ఆ వయసు లెక్క నుంచే అందరూ పుట్టిన ఏడాది 1744 అంటారు. నువ్వు 'సుమారు' అన్న మాట తప్పకుండా పెట్టు. కంప్యూటర్‌లో వెతికేటప్పుడు ఒక్క స్పెల్లింగ్‌తో సరిపెట్టుకోకు. ఆయన పేరు పాపైన్ అని కూడా రాశారు, కెప్టెన్ డిక్ అనీ పిలిచేవాళ్లు. గుమాస్తాకు ఎలా వినబడితే అలా రాసుకున్న రోజులవి.

తర్వాత దళం జాబితాలు. అప్పటి గవర్నర్ హాల్డిమండ్ కాగితాల్లో ఇవి చాలా దొరుకుతాయి. ఇక్కడ ఒక్క జాగ్రత్త చెబుతాను, గట్టిగా పట్టుకో. దళం ఎక్కడుంటే మనవాడూ అక్కడే ఉన్నాడని రాసేయకు. 1778లో పెన్సిల్వేనియాలోని వయోమింగ్‌లోనూ న్యూయార్క్‌లోని చెర్రీ వ్యాలీలోనూ బట్లర్స్ రేంజర్స్ యుద్ధం చేశారు. చెర్రీ వ్యాలీలో ఆడవాళ్లూ పిల్లలూ చనిపోయారు. పియర్‌పాయింట్ పేరు నాకు కనబడేది 1780 నాటి జాబితాలో. కాబట్టి ఆయన్ను ఆ ఊచకోతలో పెట్టడానికీ వీల్లేదు, ఆ దళం చేతులకు మట్టి అంటలేదని రాయడానికీ వీల్లేదు. రెండూ చెప్పు. లైబ్రరీ వాళ్లకు నచ్చకపోతే అది వాళ్ల సంగతి.

పక్క మాట ఒకటి. 1781లో యార్క్‌టౌన్‌లో లొంగిపోయిన బ్రిటిష్ సేనాని కార్న్‌వాలిస్సే అయిదేళ్ల తర్వాత మన దేశానికి గవర్నర్ జనరల్‌గా వచ్చాడు. ఆయన బెంగాల్లో పెట్టిన శాశ్వత శిస్తు పద్ధతి 1802లో మన ఉత్తర సర్కార్లకూ వచ్చింది. ఇది వ్యాసంలో పెట్టకు, మీ నాన్నకు చెప్పు, సరదా పడతాడు.

భూమి దగ్గర తొందరపడకు. 1784లో దళాలను రద్దు చేశాక మామూలు సిపాయికి 100 ఎకరాలు, ఇంట్లో ఒక్కొక్క మనిషికి మరో 50 చొప్పున లెక్క. కెప్టెన్‌కు 700. పైగా కొన్నాళ్లపాటు ప్రభుత్వ రేషన్. అడవిని భూమి అని చేతిలో పెట్టారు, నరుక్కోవడం వాళ్ల పని. రేషన్ ఆగాక 1788, 89ల్లో పంటలు పోయి ఆకలితో అల్లాడారు. పియర్‌పాయింట్‌కు ట్వెల్వ్ మైల్ క్రీక్ దగ్గర 200 ఎకరాలు వచ్చింది, ఇప్పటి సెయింట్ కాథరిన్స్ అన్నమాట. ఇదంతా ఖాళీ నేల అని మాత్రం రాయకు. ఆ భూమిని 1784లో అక్కడి మూలవాసులైన మిస్సిసాగాల దగ్గర 1,180 పౌండ్ల విలువైన సరుకులిచ్చి తీసుకున్నారు. ఎంత భూమికి ఎంత సరుకో మ్యాప్ పక్కన పెట్టుకుని చూడు.

ఇంకో చేదు సంగతి. లాయలిస్టుల్లో కొందరు తమ బానిసలను వెంట తెచ్చుకున్నారు. 1793 చట్టం కొత్తవాళ్లను తేవడం ఆపింది గానీ ఉన్నవాళ్లను విడిపించలేదు. అంటే పియర్‌పాయింట్ సొంత భూమిలో చెట్లు కొడుతుంటే ఆ చుట్టుపక్కలే ఆయన రంగు మనుషులు ఒకరి ఆస్తిగా బతుకుతున్నారు. 1794లో ఆయనా మరికొందరు స్వేచ్ఛ పొందిన నల్లవాళ్లూ కలిసి అప్పర్ కెనడా, అంటే అప్పటి అంటారియో, లెఫ్టినెంట్ గవర్నర్ సిమ్‌కోకు అర్జీ పెట్టారు, మాకందరికీ భూములు ఒకేచోట ఇస్తే ఒకరికొకరం సాయంగా ఉంటాం అని. ఒప్పుకోలేదు. ఎందుకు అడిగారో అర్థం కావాలంటే ఒంటరిగా ఒక్క మనిషి అడవి నరకడం ఊహించుకో.

1812లో సుమారు అరవై ఎనిమిదేళ్ల వయసులో, నల్లవాళ్లతో ఒక దళం కడదాం అని ఆయనే ముందుకొచ్చాడు. దళం కట్టారు, నాయకత్వం మాత్రం రాబర్ట్ రంచీ అనే తెల్ల అధికారికిచ్చారు. ఈయన అందులో మామూలు సిపాయి. ఆ దళం క్వీన్‌స్టన్ హైట్స్ దగ్గర పోరాడింది. యుద్ధం గురించి నీకు దొరికే పుస్తకాలు బోలెడు, నేను ఇంతకంటే చెప్పను.

మళ్లీ 1821 అర్జీకి రా. జవాబుగా ప్రభుత్వం ఓడ టికెట్ ఇవ్వలేదు, గారాఫ్రాక్సాలో 100 ఎకరాలిచ్చింది, ఇప్పటి ఫెర్గస్ ఊరి దగ్గర. షరతులు చూడు: అయిదెకరాలు నరికి కంచె వేయాలి, 16 అడుగులకు 20 అడుగుల ఇల్లు కట్టాలి, ముందున్న దారిలో సగం శుభ్రం చేయాలి. ఒళ్లు సహకరించడం లేదని అర్జీ పెట్టుకున్న మనిషికి! ఆయన అవన్నీ పూర్తి చేశాడు. ఇక్కడ నువ్వు ఒక్క విశేషణం కూడా వాడకు. అర్జీలో ఏం అడిగాడో, బదులుగా ఏం ఇచ్చారో పక్కపక్కన పెట్టి వదిలెయ్.

ఆయనకు వారసులు లేరు, 1828లో వీలునామా రాసి తనకు పరిచయమున్న మనిషికి భూమి వదిలాడు. కాబట్టి కుటుంబం కోసం వెతికి అలసిపోకు. రేపు నువ్వు ఇంకో సైనికుడి గురించి రాస్తే మాత్రం కూతుళ్ల అర్జీలు ముందు చూడు. 1789 ఉత్తర్వు ప్రకారం లాయలిస్టుల కొడుకులకూ కూతుళ్లకూ తలా 200 ఎకరాలు అడిగే హక్కు వచ్చింది. అడగాలంటే నేను ఫలానావాడి కూతుర్ని అని రుజువు చేసుకోవాలి కదా, తండ్రి వివరాలన్నీ అందులో దొరుకుతాయి. మగవాళ్ల జాబితాల్లో లేని తల్లి పేరు కూడా ఒక్కోసారి అక్కడే కనబడుతుంది.

అప్పర్ కెనడా భూమి అర్జీలు ఒట్టావా జాతీయ ఆర్కైవ్స్ వాళ్లు ఉచితంగా ఆన్‌లైన్లో పెట్టారు. ఆ చేతిరాత మొదట్లో కళ్లకు పరీక్షే, పెద్దది చేసుకుని గట్టిగా పైకి చదువుతూ పోతే రెండో రోజుకు అలవాటవుతుంది. ఆదివారం సెయింట్ కాథరిన్స్ వెళ్లి డిక్స్ క్రీక్ చూసి రా, ఆ పేరు ఈయన వల్లే వచ్చిందంటారు. చిత్తుప్రతి పంపేటప్పుడు ప్రతి పేరా పక్కన ఆ సంగతి ఏ కాగితంలో ఉందో రాసి పంపు. లేని చోట ఎర్ర పెన్ను నాది.

ఇట్లు,
మీ పెదనాన్న