మధ్యాహ్నం వేరుశనగ ఆకు ముడుచుకుంటే కార్బన్ ద్రావణం కొట్టాలా?

సందేహం: జడ్చర్ల దగ్గర మాది ఎర్ర చెల్క. యాసంగిలో ఒకే బోరు కింద ఎకరం వేరుశనగ, అరెకరం జొన్న వేశాను. మధ్యాహ్నం వేరుశనగ ఆకులు ముడుచుకుంటున్నాయి, జొన్న నిక్షేపంగా ఉంది. పైరుకు కార్బన్ తక్కువైందని, ఒక ద్రావణం పిచికారీ చేయమని మందుల దుకాణంలో చెప్పారు. కొట్టమంటారా?
– ఒక రైతు, మహబూబ్‌నగర్ జిల్లా

సలహా: వద్దు, ఆ డబ్బు దాచుకోండి. మొక్క ఎండు బరువులో నూటికి 40 పాళ్లకు పైగా కార్బనే ఉంటుంది, నిజమే. కానీ మొక్క దాన్ని గాలిలోంచి తీసుకుంటుంది. గాలిలో ప్రతి పది లక్షల పాళ్లకు 420కి అటూ ఇటూగా కార్బన్ డై ఆక్సైడ్ ఉంది. మీ రెండు పైర్లూ పీల్చేది ఆ గాలినే కదా!

తేడా అంతా పట్టుకునే తీరులో ఉంది. ఆకు మీది సన్నని రంధ్రాల గుండానే గాలి లోపలికి వస్తుంది, నీరు ఆవిరై బయటికి పోతుంది. ఎండ ముదిరితే వేరుశనగ నీటిని కాపాడుకోవడానికి ఆ రంధ్రాలను మూస్తుంది. దాంతో లోపల కార్బన్ డై ఆక్సైడ్ తగ్గుతుంది. దాన్ని పట్టే రూబిస్కో అనే ఎంజైముకు ఒక పాడు అలవాటుంది: వేడిలో ఆక్సిజన్‌ను కూడా పట్టేస్తుంది. అలా పట్టినప్పుడల్లా మొక్క తాను కూడబెట్టిన కార్బన్‌లో కొంత తిరిగి గాలికి వదులుకోవాలి. వరి, పత్తి, కంది, ఆముదం అన్నిటిదీ ఇదే అవస్థ.

జొన్నలోనూ రూబిస్కో ఉంది. అయితే దానికంటే ముందు, ఆక్సిజన్ జోలికి పోని పెప్ కార్బాక్సిలేజ్ అనే మరో ఎంజైము కార్బన్‌ను పట్టి, నాలుగు కార్బన్ల ఆమ్లంగా ఈనెల చుట్టూ ఉన్న కణాలకు పంపుతుంది. అక్కడ ఆమ్లం విడిపోయి రూబిస్కో చుట్టూ కార్బన్ డై ఆక్సైడ్ దండిగా చేరుతుంది. అందుకే రంధ్రాలు సగం మూసుకున్నా జొన్నకు పని సాగుతుంది. 1966లో ఆస్ట్రేలియాలో హ్యాచ్, స్లాక్ అనే శాస్త్రవేత్తలు చెరకు ఆకుల్లో ఈ మార్గాన్ని వివరించారు. మొక్కజొన్న, సజ్జలదీ ఇదే దారి. పాలమూరు చెల్కల్లో వానను నమ్ముకున్న పెద్దలు జొన్న వేసింది ఊరికే కాదు.

ఇక మీ చేను సంగతి. సాయంత్రానికి ఆకులు విచ్చుకుంటే భయం లేదు. తెల్లవారినా వాడి ఉంటే నీరు చాలడం లేదు. పైరు వయసు మీరు రాయలేదు. పూత, ఊడలు దిగే దశ, కాయ ఊరే దశల్లో మాత్రం బెట్ట రానివ్వకండి. స్ప్రింక్లర్లుంటే మిట్టమధ్యాహ్నం కాకుండా ఉదయమో సాయంత్రమో తిప్పండి. పూత దశలో ఎకరాకు 200 కిలోల జిప్సం వేయాలి. ఇంకా వేయకపోతే ఆ ద్రావణం డబ్బు దానికి పెట్టండి. అక్కడొకటి ఇక్కడొకటిగా మొక్కలు వాడి తేరుకోకపోతే పీకి చూడండి. మొదలు దగ్గర తెల్లటి బూజు కనిపిస్తే అది కుళ్లు తెగులు; అప్పుడు ఫొటో జతచేసి మళ్లీ రాయండి.