సహజ తైలమే కదా, మెడ మీద దద్దుర్లెందుకు?

ప్రశ్న: నా వయసు 34. జునిపర్ ఎసెన్షియల్ ఆయిల్, బెర్గమాట్ (నిమ్మజాతి పండు) తైలం ఆల్కహాల్‌లో కలిపి ఇంట్లోనే పెర్‌ఫ్యూమ్ చేసుకుంటున్నాను. 10 మి.లీ. మిశ్రమంలో జునిపర్ 20 చుక్కలు, బెర్గమాట్ 10 చుక్కలు వేస్తాను. జునిపర్ సీసా తెరిచి ఏడాది దాటింది. ఇన్నాళ్లూ ఏ ఇబ్బందీ లేదు. నెల రోజులుగా మాత్రం గడ్డం గీసుకున్నాక మెడకు రాసుకుంటే మర్నాటికి ఎర్రబడి దురద పెడుతోంది. మణికట్టు మీద చిన్న పొక్కులూ వస్తున్నాయి. రసాయనాలు లేని సహజమైన నూనె కదా, ఎందుకిలా? కొత్త సీసా కొంటే సరిపోతుందా?

సలహా: ఏడాదిగా పడిన నూనె ఇప్పుడు పడకపోవడం, దురద మర్నాడు మొదలవడం... ఈ రెండూ అలర్జీనే సూచిస్తున్నాయి. గీసుకున్న చర్మానికి ఆల్కహాల్ తగిలితే వచ్చే మంట నిమిషాల్లోనే తెలుస్తుంది, కాసేపటికి సద్దుమణుగుతుంది. ఒకటి రెండు రోజులకు బయటపడి, రాసిన చోటు దాటి పాకే దురద అలాంటిది కాదు. దీన్ని అలర్జిక్ కాంటాక్ట్ డెర్మటైటిస్ అంటారు.

ముందుగా అనుమానించాల్సింది ఆ పాత సీసానే. జునిపర్ కాయలను నలగ్గొట్టి ఆవిరి పట్టి తీసే ఈ తైలంలో ఆల్ఫా పైనీన్, సాబినీన్, మిర్సీన్, లిమోనీన్ లాంటి టెర్పీన్లే (మొక్కల్లో వాసననిచ్చే పదార్థాలే) ఎక్కువ. అవీ రసాయనాలే, చెట్టు తయారుచేసినవి, అంతే తేడా. గాలిలోని ఆక్సిజన్ తగిలేకొద్దీ టెర్పీన్లు హైడ్రోపెరాక్సైడ్లుగా మారతాయి. తాజా తైలం కంటే వీటితో అలర్జీ వచ్చే అవకాశం చాలా ఎక్కువ. సీసా సగానికి వచ్చిందంటే మిగతా సగం గాలే. మూత తీసిన ప్రతిసారీ కొత్త గాలి చేరుతుంది. వేడి, వెలుతురు ఈ మార్పును ఇంకా తొందరపెడతాయి.

ఒక చుక్కను తెల్ల కాగితం మీద వేసి మర్నాడు చూడండి. తాజా తైలం దాదాపు జాడ లేకుండా ఆరిపోతుంది. బాగా పాతబడినది పసుపు రంగులో జిగురుగా అంటుకుని ఉంటుంది, వాసన కూడా టర్పెంటైన్‌ను గుర్తుచేస్తుంది. అయితే కాగితం మీద మరక పడనంత మాత్రాన తైలం బాగుందని కాదు. ఏడాది దాటిన సీసాను ఎలాగూ ఒంటికి వాడొద్దు.

ఇంకో సంగతి. పెర్‌ఫ్యూమ్‌లో జునిపర్ మొదట గుప్పుమని, త్వరగా ఎగిరిపోయే వాసన. అది తగ్గిందని రోజుకు రెండు మూడుసార్లు రాసుకుంటుంటారు. 20 చుక్కలంటే సుమారు 1 మి.లీ., అంటే మీ మిశ్రమంలో 10 శాతం. అంత గాఢత ఉన్నది, అప్పుడే గీసిన చర్మం మీద, పదేపదే. అలర్జీ మొదలవడానికి ఇది చాలు.

కొత్త సీసా గురించి: ఒకసారి అలర్జీ ఏర్పడ్డాక ఒంట్లోని రోగనిరోధక కణాలు ఆ పదార్థాన్ని మరచిపోవు. తాజా తైలంలోనూ కొద్దిగా హైడ్రోపెరాక్సైడ్లు ఉండొచ్చు, దానికే మళ్లీ దద్దుర్లు రావచ్చు. పైగా లిమోనీన్ బెర్గమాట్‌లో ఇంకా ఎక్కువ, లినలూల్ అనే మరో వాసన పదార్థం కూడా ఉంటుంది. కాబట్టి తప్పు జునిపర్‌దేనని ఇప్పుడే తేల్చలేం. చర్మవైద్యుల దగ్గర ప్యాచ్ టెస్ట్ (అనుమానిత పదార్థాలను పట్టీలతో చర్మానికి అంటించి చూసే పరీక్ష) చేయించుకోండి. ఫ్రాగ్రెన్స్ మిక్స్‌లతోపాటు (పరీక్ష కోసం కలిపి ఉంచిన వాసన పదార్థాలు) లిమోనీన్, లినలూల్ హైడ్రోపెరాక్సైడ్లూ పెట్టమని అడగండి. వీపుకు అంటించిన పట్టీలను 2 రోజుల తర్వాత తీసి చూస్తారు, 4వ రోజు ప్రాంతంలో మళ్లీ చూస్తారు. అప్పటిదాకా వీపు తడవకూడదు. స్టెరాయిడ్ మాత్రలు వాడుతుంటే ముందే చెప్పాలి. మీ సీసాలు వెంట తీసుకెళ్లండి, కానీ చిక్కటి నూనెను సొంతంగా చర్మానికి అంటించి పరీక్షించుకోవద్దు.

ప్రస్తుతానికి పెర్‌ఫ్యూమ్, ఆఫ్టర్‌షేవ్, వాసన ఉన్న సబ్బు ఆపేయండి. చల్లటి తడిగుడ్డ 10 నిమిషాల చొప్పున రోజుకు మూడు నాలుగుసార్లు వేయండి. 1 శాతం హైడ్రోకార్టిసోన్ క్రీమ్ పల్చగా రోజుకు రెండుసార్లు, వారం మించకుండా రాయొచ్చు. కంటి రెప్పల మీద వద్దు. పైన వాసన లేని మాయిశ్చరైజర్ సరిపోతుంది. తగ్గేదాకా గడ్డం గీసుకోకపోతే మంచిది.

పరీక్షలో ఏమీ తేలకపోతే, చర్మం పూర్తిగా మామూలయ్యాక తాజా జునిపర్ తైలంతో 1 శాతం మిశ్రమం చేసుకోండి: 10 మి.లీ.కి 2 చుక్కలు. దాన్ని మోచేతి మడత దగ్గర ఒకేచోట రోజుకు రెండుసార్లు వారం పాటు రాసి చూడండి. దురద వస్తే అక్కడితో ఆపేయండి. తైలాన్ని చిన్న ముదురు రంగు సీసాల్లో మెడదాకా నింపి, తెరిచిన తేదీ రాసి, ఫ్రిజ్‌లో ఉంచాలి. లేబుల్ మీద జునిపెరస్ కమ్యూనిస్ అని ఉండాలి. జునిపెరస్ సబీనా తైలం విషపూరితం. జునిపెరస్ ఆక్సిసెడ్రస్ కలపను కాల్చి తీసే ముడి కేడ్ నూనెను పెర్‌ఫ్యూమ్‌లో వాడకూడదు.

బెర్గమాట్ విషయంలో అదనపు జాగ్రత్త అవసరం. తొక్క పిండి తీసిన తైలం రాసిన చోట ఎండ తగిలితే చర్మం కమిలి, నల్లటి చారలు పడతాయి. దానికి 0.4 శాతమే పరిమితి, 10 మి.లీ.లో ఒక్క చుక్క వేసినా దాటిపోతుంది, మీరు పది వేస్తున్నారు. ఇందుకు కారణమైన బెర్గాప్టీన్ అనే పదార్థాన్ని తొలగించిన రకం అయితే ఈ భయం ఉండదు, అలర్జీ అవకాశం మాత్రం అలాగే ఉంటుంది.

పొక్కుల్లో చీము చేరినా, జ్వరం వచ్చినా, వారంలో తగ్గకపోయినా డాక్టర్‌ను కలవండి. ముఖం, కళ్లు వాచినా, ఊపిరి ఆడకపోయినా ఆగకుండా అత్యవసర విభాగానికి వెళ్లాలి.