తోటలోంచి శాశ్వతంగా వెళ్లగొట్టే అధికారం ఇస్తే మీరు వేటిని వెళ్లగొడతారు?

హైదరాబాదులో మా మిద్దె మీద కొన్నేళ్లుగా కూరగాయలు, పూలమొక్కలు పెంచుతున్నాను కాబట్టి నా జవాబు మిద్దెతోటకే పరిమితం. ఇలా అడిగితే చాలామంది ముందుగా కోతులను, పురుగులను తలుచుకుంటారు. నేను మాత్రం డబ్బు పెట్టి కొని మెట్లెక్కించి తెచ్చుకున్న వాటితోనే మొదలుపెడతాను. పురుగు తన ఆకలి కోసం వస్తుంది, ఇవి మనకు మేలు చేస్తామని చెప్పి వస్తాయి.

అన్నిటికంటే ముందు పోవలసింది నాసిరకం గ్రోబ్యాగు, అంటే కుండీకి బదులుగా మట్టి నింపి మొక్కలు పెంచే సంచి. ఎండను తట్టుకునే పదార్థం సరిగ్గా కలపని ప్లాస్టిక్ నేత సంచి మన వేసవికి పెళుసుబారిపోతుంది. పైకి నిటారుగానే నిలబడి ఉంటుంది గాని, పక్కకు జరుపుదామని చెవి పట్టుకుంటే ఆ చెవి చేతిలోకి ఊడి వస్తుంది, అడుగు కుట్టు విడిపోయి మట్టి కారుతుంది. అంతవరకైతే సర్దుకుపోవచ్చు. నాకు మింగుడు పడనిది ఆ తరువాతి ముచ్చట: సంచి పోగులు పోగులుగా రాలి మట్టిలో కలిసిపోతుంది. కాపు అయిపోయిన వంగమొక్కను పీకి మట్టిని గుల్ల చేస్తుంటే ఆ ఆకుపచ్చని పోగులు వేళ్లకు చుట్టుకుంటాయి, ఒకదాన్ని లాగితే అది మరిన్ని ముక్కలవుతుంది, జల్లెడ పట్టినా పూర్తిగా పోవు. అలాగని ఏళ్లకేళ్లు ఎరువు వేసి తయారు చేసుకున్న మట్టిని పారబోయలేం. అమ్మేవారు మందాన్ని జీఎస్‌ఎమ్ (చదరపు మీటరుకు ఎన్ని గ్రాములు) లెక్కలో గొప్పగా రాస్తారు గాని, ఎండకు నిలబడటానికి మందం ఒక్కటే చాలదు. నేను క్రమంగా ఖాళీ పెయింటు బకెట్లకూ, అడ్డంగా కోయించిన డ్రమ్ములకూ మారిపోయాను.

రెండవది నర్సరీ మొక్కకు అంటుకొని వచ్చే బంకమట్టి ముద్ద. గోదావరి పక్కన ఉన్న కడియం నర్సరీల నుంచి లారీల్లో అంత దూరం రావలసిన మొక్కకు వేళ్లు చెదరకుండా ఆ ముద్ద ఉండాల్సిందే, అందులో వారి తప్పేమీ లేదు. కాని దాన్ని అలాగే తెచ్చి కోకోపీటు (కొబ్బరి పొట్టు) కలిపిన గుల్లమట్టిలో దించితే, పోసిన నీరంతా ముద్ద చుట్టూ జారి అడుగు కన్నంలోంచి వెళ్లిపోతుంది, లోపలి వేళ్లు పొడిగానే ఉండిపోతాయి. పైమట్టి తడిగా కనబడుతుండగానే మొక్క ఎందుకు వాడిపోయిందో అర్థం కాక జనం ఇంకా నీళ్లు పోస్తారు. ముద్దను ముందుగా బకెట్టు నీటిలో నాననిచ్చి, అంచులను వేళ్లతో మెల్లగా వదులు చేసి నాటితే చాలావరకు మొక్క నిలబడుతుంది.

ఆన్‌లైనులో అమ్మే నీలిగులాబీ విత్తనాలను గురించి ఎంత చెప్పినా తక్కువే. గులాబీని అంటు కట్టి గాని, కొమ్మ నాటి గాని పెంచుతారు. విత్తనంతో వచ్చిన మొక్క తల్లి రంగే పూస్తుందన్న భరోసా లేదు. జపానుకు చెందిన సంటోరీ సంస్థ జన్యుమార్పిడితో సాధించి 2004లో ప్రకటించి, 2009లో అమ్మకానికి పెట్టిన గులాబీ కూడా చూడటానికి లేత ఊదారంగే. అది చిన్న పొట్లంలో మనింటికి వస్తుందా? మా పక్కింటావిడ ఎంతో ఆపేక్షగా నీళ్లు చిలకరించి మొలిపించిన నీలిగులాబీ నాలుగాకులు వేసేసరికి తోటకూర అని తేలింది. ఆవిడ దాన్ని పప్పులో వేసుకున్నారు, ఆ కొనుగోలులో దక్కిన లాభం అదే.

టమాటా కాయ అడుగున నల్లమచ్చ కనబడగానే గుడ్డు పెంకులు వేయమనే వీడియోలు కూడా పోవాలి. కాయకు కాల్షియం అందకపోవడమే ఆ మచ్చకు కారణమన్న మాట నిజమే గాని, మిద్దె మీద అది అందకపోయేది ఎక్కువగా ఒకరోజు ఎండగట్టి మరునాడు ముంచెత్తడం వల్లనే. పెంకు మట్టిలో కరగడానికి పట్టే కాలంలో ఆ పంటే అయిపోతుంది.

ఇక పురుగుల్లో ఒక్కదాన్నే ఎంచుకోమంటే పిండినల్లిని చూపిస్తాను. మందార మొగ్గ తొడిమ దగ్గర తెల్లగా దూది అంటినట్టు కనిపించే దాన్ని కాస్త ఆగి చూస్తే, పక్కనే చీమల బారు కూడా కనిపిస్తుంది. పిండినల్లి విసర్జించే తీపి ద్రవం కోసం చీమలు దానికి కాపలా కాస్తాయి, దాన్ని తినడానికి వచ్చే అక్షింతల పురుగులను తరిమేస్తాయి. కాబట్టి చీమల దారి మూయకుండా లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొద్దిగా సబ్బునీళ్లు కలిపి ఎన్నిసార్లు పిచికారీ చేసినా అది మళ్లీ వస్తుంది. కనబడిందల్లా చచ్చే ఘాటు మందులు మాత్రం కొట్టకండి. 2008లో కోయంబత్తూరు ప్రాంతంలో బయటపడి బొప్పాయి తోటలను నాశనం చేసిన పిండినల్లిని చివరికి అదుపు చేసింది, 2010లో ప్యూర్టోరికో నుంచి తెప్పించి వదిలిన అసెరోఫేగస్ పపాయే అనే అతిచిన్న కందిరీగ. ఘాటు మందు అలాంటి మిత్రపురుగులనే ముందు చంపుతుంది.

కోతుల విషయంలో ఇనుప జాలీ తప్ప నాకు తెలిసిన ఉపాయం లేదు, దాని ఖర్చు తలుచుకుంటే కాయలు వాటికే వదిలేయడం నయమనిపిస్తుంది.

చివరగా తుంగ. ఇది మిద్దె మీదికి దానంతట అది ఎక్కదు, ట్రాక్టరు ఎర్రమట్టిలో దాక్కొని వస్తుంది. పైన ఆకు పీకితే లోపలి గడ్డ అలాగే ఉండి వారంలో మళ్లీ మొలకెత్తుతుంది, పారతో తవ్వితే గడ్డల గొలుసు తెగి ఒక్కొక్కటీ ఒక మొక్కవుతుంది. అందుకే మట్టిని ఎండాకాలంలోనే తెప్పించి, కుండీల్లో నింపకముందే మిద్దె మీద పలచగా పరచి, తిరగేస్తూ బాగా ఎండనివ్వాలి. గడ్డలు ఎండి ముడుచుకుపోతాయి, మిగిలిన వాటిని చేత్తో ఏరేయవచ్చు.