డాక్టర్ సలహా: ఇల్లు దాటని పిల్లి కరిచినా రేబిస్ టీకా అవసరమా?

ప్రశ్న: నా వయసు 52 సంవత్సరాలు. చాలాకాలంగా షుగర్ ఉంది, మాత్రలు వాడుతున్నాను. మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో పుట్టి పెరిగిన రెండు వీధి పిల్లులను ఐదు నెలలుగా ఫ్లాట్‌లోనే ఉంచి సాకుతున్నాను. పెట్టింది తింటాయి కానీ చేయి వేయనివ్వవు. టీకాలేమీ వేయించలేదు. నాలుగు రోజుల కిందట ఒకదాన్ని బుట్టలో పెట్టబోతే కుడి చేతి బొటనవేలి మొదట్లో కరిచింది. రక్తం కొద్దిగానే వచ్చింది. పసుపు అద్ది, ఇంట్లో మిగిలి ఉన్న సెఫలెక్సిన్ మాత్రలు వేసుకుంటున్నాను. వాపు ఇంకా ఉంది. ఇల్లు దాటని పిల్లి కాబట్టి రేబిస్ భయం లేదనుకుంటున్నాను. నా సందేహం వేరే. వచ్చే నెల మా అమ్మాయి పురిటికి వస్తోంది. పిల్లి వెంట్రుకల వల్ల కడుపులో బిడ్డకు ప్రమాదమని, ఆయాసం వస్తుందని మావారు వాటిని బయట వదిలేయమంటున్నారు. నిజమేనా?
– ఒక పాఠకురాలు, మల్కాజిగిరి

జవాబు: మీరు అడిగింది వెంట్రుకల గురించే అయినా, మీ ఉత్తరం చదివాక నన్ను కలవరపెట్టింది మీ బొటనవేలు. షుగర్ ఉన్న మనిషిని, టీకా పడని పిల్లి, అదీ చేతి మీద కరిచి, నాలుగు రోజులైనా వాపు తగ్గలేదంటే ఇంట్లో కూర్చుని చూసుకోవలసిన విషయం కాదమ్మా. ఈ జవాబు మీ కంటపడిన రోజునే, సాయంత్రానికి వాయిదా వేయకుండా ఆసుపత్రికి వెళ్లండి. మిగతాది వచ్చాక చదువుకోవచ్చు.

ముందుగా రేబిస్ సంగతి. ఇది కుక్కల వల్లే వస్తుందని చాలామంది అనుకుంటారు కానీ, పిల్లి కాటు వల్ల కూడా వస్తుంది. వైరస్ ఒంట్లో చేరిన తరువాత లక్షణాలు బయటపడడానికి వారాలు, నెలలు పట్టవచ్చు. కనుక ఐదు నెలలుగా పిల్లి గడప దాటలేదన్నది కొంత ధైర్యమిచ్చే మాటే అయినా, టీకా మానేయడానికి అది సరిపోదు. అంతకుముందు సెల్లార్‌లో అది ఏ జంతువుతో కలబడిందో, మీరు నిద్రపోతున్న వేళ బాల్కనీ గ్రిల్ సందులోంచి మరో పిల్లి లోపలికి వచ్చిందో లేదో ఎవరూ ఖచ్చితంగా చెప్పలేరు. రేబిస్ లక్షణాలు ఒకసారి కనిపించాక రోగి బతకడం దాదాపు అసాధ్యం. అందుకే ఈ ఒక్క జబ్బు విషయంలో వైద్యులు ‘చూద్దాం’ అనే మాట వాడరు.

పన్ను చర్మంలోకి దిగి రక్తం వచ్చింది కాబట్టి, చూడకుండా చెప్పగలిగినంతవరకు, మీది మూడో కేటగిరీ గాయం, అంటే రేబిస్ ముప్పు అన్నిటికన్నా ఎక్కువగా ఉన్న రకం. సాధారణంగా దీనికి టీకాతో పాటు రేబిస్ ఇమ్యునోగ్లోబ్యులిన్, అంటే సిద్ధంగా ఉన్న యాంటీబాడీలు, బరువును బట్టి లెక్కకట్టి గాయంలోను, దాని చుట్టూను ఎక్కిస్తారు. టీకా పనిచేయడం మొదలుపెట్టేలోగా వైరస్‌ను అక్కడికక్కడే అడ్డుకునేది ఇదే. మొదటి టీకా వేసిన తరువాత ఏడు రోజులు దాటితే దీన్ని ఇవ్వరు. ఆ ఏడు రోజులను కరిచిన రోజు నుంచి కాక, మొదటి టీకా రోజు నుంచి లెక్కిస్తారు కాబట్టి మీకు ఇంకా అవకాశం ఉంది. టీకాను చర్మంలోకి వేస్తే 0, 3, 7, 28 రోజుల్లోనూ, కండకు వేస్తే 0, 3, 7, 14, 28 రోజుల్లోనూ ఇస్తారు. ‘0’ అంటే మీరు మొదటి టీకా వేయించుకున్న రోజు. హైదరాబాద్‌లో నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌లో, నల్లకుంట ఫీవర్ ఆసుపత్రిలో ఇది రోజువారీ పనే. బొడ్డు చుట్టూ 14 ఇంజెక్షన్లన్న భయంతో ఇప్పటికీ వెనకాడేవారున్నారు. ఆ పాత టీకా తయారీ మన దేశంలో 2004లోనే ఆగిపోయింది. ఇప్పటి టీకాకు పథ్యం కూడా అక్కర్లేదు. వంకాయ తినవచ్చు, గుడ్డు తినవచ్చు.

ఇక మీవారు పిల్లిని వదిలేయమంటున్నారన్నారు. వైద్యపరంగా చూస్తే ఇప్పుడు చేయకూడని పని అదే. కరిచిన పిల్లి కరిచిన రోజు నుంచి 10 రోజులు ఆరోగ్యంగా ఉంటే, కరిచే సమయానికి దాని లాలాజలంలో రేబిస్ వైరస్ లేదని అర్థం. అప్పుడు మిగిలిన డోసుల విషయంలో మార్పు చేయవచ్చేమో మీ డాక్టర్ నిర్ణయిస్తారు. పిల్లిని వీధిలో వదిలేస్తే ఆ ఆధారం చేజారిపోతుంది. విడిగా ఒక గదిలో ఉంచి, తిండి మానేసినా, నడక తడబడినా, చొంగ కారినా, ఉన్నట్టుండి మీద పడినా, చనిపోయినా వెంటనే డాక్టర్‌కు చెప్పండి. అయితే ఈ 10 రోజులు చూసి ఆ తరువాత టీకా మొదలుపెడదామనుకోవద్దు. టీకా మొదలుపెట్టి చూడాలి. ఈ రెండింటి మధ్య తేడా తెలియక జరిగే ఆలస్యం నాకు చాలా బాధ కలిగిస్తుంది.

రెండో సమస్య ఆ వాపు. పిల్లి కోర పన్ను సూదిలా సన్నగా, లోతుగా దిగుతుంది. పైన చర్మం ఒక్క రోజులో మూసుకుపోతుంది, నోటిలోని సూక్ష్మజీవులు లోపలే ఉండిపోతాయి. బొటనవేలి మొదట్లో చర్మం కిందనే స్నాయువులు, కీలు ఉంటాయి. పిల్లి కాటు తరువాత చీము పట్టించే వాటిలో పాశ్చురెల్లా అనే బ్యాక్టీరియా ముఖ్యమైనది. మీరు వేసుకుంటున్న సెఫలెక్సిన్ దాని మీద సరిగా పనిచేయదు. అంటే నాలుగు రోజులుగా మందు వాడుతున్నానన్న నమ్మకం మీకు మిగిలింది, చికిత్స మాత్రం మొదలే కాలేదు. ఇలాంటి కాట్లకు సాధారణంగా అమాక్సిసిలిన్-క్లావులనేట్ ఎంచుకుంటాం. పేరు చదివి మెడికల్ షాపుకు వెళ్లవద్దు. పెన్సిలిన్ పడనివారికి అది ప్రాణాంతకం కావచ్చు. మీ కిడ్నీల పరిస్థితి, షుగర్ అదుపు, గాయం లోతు చూడకుండా మోతాదు చెప్పడం సరికాదు.

ఇంట్లో మిగిలిన మాత్రలన్న మాట నేను ప్రతిరోజూ వింటాను. ఒకరికి గొంతు నొప్పికి రాసిన కోర్సు సగంలో మానేయడం, మిగిలిన స్ట్రిప్‌ను డబ్బాలో దాచడం, మరొకరి గాయానికి వాడడం మన ఇళ్లలో పొదుపుగా చెలామణి అవుతోంది. దీనివల్ల జబ్బు పైకి కొంచెం అణిగి లోపల ముదురుతుంది, వచ్చినవాళ్లను పరీక్షించేటప్పుడు మాకూ దారి తప్పుతుంది. పసుపు, సున్నం, కారం, కాఫీ పొడి వీటిలో ఏదీ కాటు మీద వేయకూడదు. కరిచిన వెంటనే ధారగా పడే నీళ్ల కింద సబ్బుతో పూర్తి 15 నిమిషాలు కడగడం వీటన్నిటికన్నా మేలు. ఆలస్యమైనా సరే, ఈ రోజు కూడా ఒకసారి అలా కడిగి బయలుదేరండి. బొటనవేలు వంచినా చాచినా నొప్పి ఎక్కువవుతుంటే, ఎర్రటి చార మణికట్టు వైపు పాకుతుంటే, జ్వరం వస్తే, చంకలో గడ్డ తగిలితే సర్జన్ కూడా చూడవలసి ఉంటుంది. ఆ పరిస్థితిలో గంటలు కూడా లెక్కలోకి వస్తాయి.

ఇప్పుడు మీరు అడిగిన వెంట్రుకల గురించి. పిల్లి వల్ల ఎలర్జీ కలిగించే ప్రొటీన్ దాని లాలాజలంలో, చర్మ గ్రంథుల్లో ఉంటుంది, వెంట్రుకలు దాన్ని మోసుకొస్తాయంతే. మీ ఇంట్లో ఎవరికీ ఆయాసం, వరస తుమ్ములు లేకపోతే దీని గురించి ఇప్పుడు ఆందోళన అక్కర్లేదు. గర్భిణి విషయంలో జాగ్రత్తపడవలసింది పిల్లి మలం గురించి. అందులో కడుపులో బిడ్డకు హాని చేయగల టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవి ఉండవచ్చు. బయటికి వచ్చిన తరువాత అది ఇతరులకు అంటే స్థితికి రావడానికి కనీసం ఒక రోజు పడుతుంది కాబట్టి, మలం పెట్టెను ప్రతిరోజూ శుభ్రం చేస్తే ప్రమాదం చాలావరకు తగ్గుతుంది. ఆ పని మీ అమ్మాయి చేయకూడదు. మీవారు చేతి తొడుగులతో చేసి, సబ్బుతో చేతులు కడుక్కుంటే చాలు. సరిగా ఉడకని మాంసం, కడగని ఆకుకూరలు కూడా ఈ జబ్బును తెస్తాయని మరవకండి. రక్తపరీక్ష అవసరమో కాదో అమ్మాయిని చూస్తున్న గైనకాలజిస్టు చెబుతారు, ల్యాబ్‌కు మీరే వెళ్లవద్దు.

పిల్లులను ఎలా మచ్చిక చేసుకోవాలన్నది పశువైద్యులు చెప్పాలి. గాయాలు చూసే డాక్టర్‌గా కొంతవరకే చెప్పగలను. మనుషుల చేతి స్పర్శ చిన్నప్పుడు, దాదాపు ఏడెనిమిది వారాల వయసులోపు, తెలియని పిల్లి పెద్దయ్యాక ఒడిలో కూర్చోకపోవచ్చు. దాన్ని అలాగే ఒప్పుకోవాలి. మంచం కింద, అల్మరా వెనక దాక్కున్నప్పుడు చేయి పెట్టి లాగకండి, చాలా కాట్లు అక్కడే పడతాయి. చెవులు వెనక్కి అణిచి, తోక విదిలిస్తూ, కనుపాపలు పెద్దవి చేసిందంటే వదిలేసి పక్కకు తప్పుకోండి. కిటికీలోంచి వేరే పిల్లిని చూసి రెచ్చిపోయిన పిల్లి దగ్గరున్న మనిషి మీదే పడవచ్చు. బుట్టను ఆసుపత్రికి వెళ్లే రోజున తీయకుండా, కొన్ని వారాల ముందు నుంచే తలుపు తెరిచి గదిలో ఉంచి అందులోనే తిండి పెడితే, తనంతట తానే లోపలికి వెళ్లే అవకాశం ఉంటుంది. 10 రోజులు గడిచాక రెండింటికీ రేబిస్ టీకా, కడుపులో నులిపురుగులకు మందు, గోమారి మందు, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ గురించి పశువైద్యులతో మాట్లాడండి. సొంత వైద్యం వాటికీ చేయకండి. ఒక్క పారాసెటమాల్ మాత్ర కూడా పిల్లి ప్రాణం తీయగలదు.

ఆసుపత్రికి వెళ్లేటప్పుడు కరిచిన తేదీ, చివరిసారి ధనుర్వాతం ఇంజెక్షన్ ఎప్పుడు చేయించుకున్నారో, ఏ మందైనా పడకపోవడం వంటివి ఒక కాగితం మీద రాసుకోండి. షుగర్ రిపోర్టులతో పాటు ఆ సెఫలెక్సిన్ స్ట్రిప్ కూడా తీసుకెళ్లి, ఎన్ని మాత్రలు వేసుకున్నారో దాచకుండా చెప్పండి.